రెండో వరుసలో మచ్చ

పోయిన వారం దువ్వెనక్కను ఫొటోలు తీసే చీకటి గది గుమ్మంలో, చేతిలో శుక్రవారం నాటి ఫొటోతో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. మోకాళ్ళు లాగేస్తున్నాయి. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని గోడకు ఆనుకుంది.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళకు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. కడుపులో బిడ్డకు సికిల్ సెల్ జబ్బు ఉందా లేదా అని పరీక్ష చేసే ల్యాబ్ అది. రక్తంలో గుండ్రంగా తిరగాల్సిన కణాలు కొడవలిలా వంకరపోయి, సన్నటి నరాల్లో ఇరుక్కుని, పసిపిల్లల్ని నొప్పులతో మెలితిప్పే జబ్బు. దానికంతటికీ మూలం ఒక్క అక్షరం. డీఎన్ఏ అనే పొడవాటి రాతలో ఒకచోట ఒక్క అక్షరం మారిపోవడం. ఆ అక్షరం ఏ భూతద్దానికీ అందదు గనక దాన్ని వెతకడానికి ఒక ఎంజైమును పంపుతారు. ల్యాబ్‌లో దాని ముద్దుపేరు కత్తెర. డీఎన్ఏ వెంట పోతూ, తనకు తెలిసిన మాట కనబడ్డ చోట మాత్రమే కోస్తుంది. అక్షరం సరిగ్గా ఉంటే ముక్క రెండవుతుంది. మారి ఉంటే కత్తెర దాన్ని పోల్చుకోలేక దాటిపోతుంది. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి. రెండూ కోత పడకపోతే జబ్బు. ఒకటి పడి ఒకటి పడకపోతే బిడ్డ ఆ అక్షరాన్ని మోస్తుంది, అంతే. జబ్బు రాదు.

శుక్రవారం మూడు పరీక్షలు జరిగాయి. మూడింటికీ కోత పడలేదు. మూడిళ్ళకూ చెడ్డ కబురే వెళ్ళింది.

ఆ మూడిళ్ళలో ఒకటి టైలరమ్మాయిది. ఇవాళ పొద్దున్నే అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చి, బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆస్పత్రిలో చేరాలి. చేరాలంటే రెండు సంతకాలున్న అసలు రిపోర్టు కావాలి. సాయంత్రానికి ఆ కడుపు ఉండదు.

ఇంక దువ్వెనక్క పేరు సంగతి. కోత పడ్డ ముక్కల్ని జెల్లీ పలకలో పోసి కరెంటు పెడతారు. చిన్న ముక్కలు చకచకా ముందుకు పోతాయి, పెద్దవి ఈసురోమంటూ వెనక పడతాయి. దీపం వేస్తే వరుసలు వరుసలుగా గీతలు మెరుస్తాయి. ఆ జెల్లీలో గుంటలు పడటానికి గుచ్చే ప్లాస్టిక్ పరికరం అచ్చం దువ్వెనలా ఉంటుంది, పేరూ అదే. పందొమ్మిదేళ్ళుగా దాన్ని తన డ్రాయర్లో దాచుకుని, ఎవరినీ కడగనివ్వకుండా, తానే కడిగి తానే తుడిచి పెట్టుకుంటుంది గనక ఆమె దువ్వెనక్క అయింది. సొంత జుట్టు దువ్వుకోవడానికి మాత్రం తీరిక దొరకదు.

అంత అపురూపంగా చూసుకున్న దువ్వెన మూడు వారాల కిందట ఆమె చేతిలోంచే జారి సింకులో పడింది. రెండో పన్ను కొస విరిగింది. అప్పటినుంచి ఏ ఫొటోలో చూసినా రెండో వరుస గీతలు కాస్త మూతి వంకరగా పడుతున్నాయి.

శుక్రవారం ఫొటోలో రెండో వరుస తిన్నగా ఉంది.

అక్కడే కదా మనం ఆగాం.

*

మాస్టారి గది తలుపు ఓరగా తీసి ఉంది. ఈ ల్యాబ్‌కు ఆయనే పెద్ద. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. దువ్వెనక్కకు చుక్కలు కొలిచి తీసే పైపెట్టు పట్టుకోవడం నేర్పింది ఆయనే. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆమెను అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"రా అమ్మాయ్. రిపోర్టేనా? తే, సంతకం పెట్టేస్తా. ఆ పిల్ల పొద్దున్నుంచి కూర్చుంది."

దువ్వెనక్క ఫొటోను ఆయన ముందు పెట్టింది. రిపోర్టు ఇవ్వలేదు.

"రెండో వరుస చూడండి మాస్టారూ."

"చూశా. కంట్రోలు. కోత పడింది. రెండు గీతలు. బాగుంది."

"బాగా ఉండటమే బాగాలేదు. నా దువ్వెన రెండో పన్ను విరిగిందని మీకు చెప్పాను కదా."

మాస్టారు కళ్ళజోడు తీశాడు. తుడవడానికి జేబులో గుడ్డ వెతికాడు. దొరకలేదు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

ఆయన జవాబు కోసం ఆమె నిలబడే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

రెండో వరుస ఎప్పుడూ కంట్రోలుదే. జబ్బు లేదని ముందే తెలిసిన మనిషి డీఎన్ఏ అందులో వేస్తారు. కత్తెర బతికుంటే అక్కడ కోత పడి తీరాలి. పడకపోతే కత్తెర పని చెయ్యలేదని అర్థం, ఆ పూట మిగతా వరుసలేవీ నమ్మడానికి లేదు. ఎందుకంటే జబ్బున్న డీఎన్ఏ, చచ్చిన కత్తెర వెళ్ళిన డీఎన్ఏ, రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. కోత లేకుండా. ఈ మాట మాస్టారే ఆమెకు మొదటి రోజు చెప్పాడు. కంట్రోలు లేని జెల్ చూసి మాట్లాడేవాడు సాక్షి లేని కేసు చెప్పేవాడేనమ్మాయ్, అన్నాడు. ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఆమే ఆ మాట చెబుతూ వచ్చింది.

"అంటించారు కదా," అంది ఆమె. "పాత ఫొటో ముక్క."

"శుక్రవారం నాలుగు చుక్కలు కూడా లేదు ఎంజైము." మాస్టారు కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "సీసా వంచి వంచి తీశాను. ముగ్గురికి సరిపోయింది. కంట్రోలు వేస్తే ఒకరికి ఉండదు. ఎవరిని ఆపను చెప్పు? ఆర్డరు కాగితం పై ఆఫీసులో ఎక్కడో పడుకుంది. వెళ్ళి అడిగితే రేపు అంటారు. ఆ రేపు నాలుగు నెలలైంది. ముగ్గురూ నెలలు మీదపడుతున్నవాళ్ళే. ఇన్నేళ్ళలో ఈ ఎంజైము ఒక్కసారి మొరాయించిందా? లేదు. ఒక్కసారికి అనుకున్నాను."

"ఒక్కసారే?"

"ఒక్కసారే."

"ముగ్గురికి ముగ్గురూ జబ్బని వస్తే కూడా అనుమానం రాలేదా? తల్లిదండ్రులిద్దరూ మోస్తున్నా నలుగురిలో ఒక్కరికే కదా వచ్చేది. మూడుకు మూడు ఎక్కడన్నా చూశారా?"

"ఉండొచ్చు. లెక్కలు అలా కూడా పడతాయి."

"పడతాయి. ఏ నూరు వారాలకో ఒక వారం."

మాస్టారు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళకింద సంచులు వేలాడుతున్నాయి. ఆమె కళ్ళకింద కూడా.

"నువ్వు పెట్టావు కదమ్మాయ్ రిజిస్టరులో రెండో సంతకం," అన్నాడు నెమ్మదిగా. "శుక్రవారం సాయంత్రం. నేను ఇస్తే తీసుకుని, నిలబడే పెట్టేశావు. ఫొటో తిప్పి చూశావా?"

చూడలేదు. దాచడానికేమీ లేదు. ఆ సాయంత్రం కాళ్ళు పీక్కుపోతున్నాయి. పొద్దున్నుంచి ముప్పై మంది రక్తాలు. బస్సు వెళ్ళిపోతుందన్న తొందర. మాస్టారి సంతకం కింద తన సంతకం పందొమ్మిదేళ్ళుగా దానంతటదే నడిచి వెళుతుంది. శుక్రవారం కూడా అలాగే నడిచింది.

"చూడలేదు," అంది.

"ఇంకొకటి అడుగుతాను. సీసాలను కొత్త ఫ్రిజ్‌లోకి మార్చిందెవరు?"

దువ్వెనక్క ఇప్పుడు కూర్చుంది.

కొత్త ఫ్రిజ్ ఎనిమిది నెలల కిందట వచ్చింది. తెల్లగా, గుర్రమంత ఎత్తున. లోపల మంచు పేరుకోని రకం. అంతకుముందు ప్రతి శనివారం పాత ఫ్రీజరులో పేరుకున్న మంచును గరిటె పెట్టి కొట్టి కొట్టి ఆమె భుజం పడిపోయింది. కొత్తది రాగానే సీసాలన్నీ తానే సంబరంగా అందులో సర్దింది. ఆ పూట అందరికీ టీ కూడా ఇప్పించింది. మంచు ఎందుకు పేరుకోదని మాత్రం ఆలోచించలేదు. అది రోజుకు కొన్నిసార్లు తనంతట తాను లోపల వెచ్చబెట్టుకుని మంచు కరిగించుకుంటుంది. కూరగాయలకు ఏమీ కాదు. కత్తెరకు మాత్రం చలి తగ్గిన ప్రతిసారీ కొంచెం ప్రాణం పోతుంది.

"నేనే," అంది. "అది మంచు కరిగించుకునేటప్పుడు లోపల వేడెక్కుతుందని నాకు తట్టలేదు. మీకూ తట్టలేదు."

"తట్టలేదు."

గోడమీద గడియారం పదకొండు దాటింది. ఒకరిమీద ఒకరు అరుచుకోవడానికి ఇద్దరిలోనూ ఓపిక లేదు. అరిచినా ఒరిగేదేమీ లేదు.

"ఫోన్ చేసి వాయిదా వేయిద్దామా?" అన్నాడు మాస్టారు.

"డాక్టరమ్మ రేపటినుంచి పది రోజులు సెలవుట. ఇవాళ తప్పితే నెలలు దాటిపోతాయి, ఇంక చెయ్యరట. వాళ్ళ అత్తగారు నాకు అప్పుడే మూడుసార్లు చెప్పింది. మీరు ఉత్తి అనుమానం అని ఆపితే, రేపు నిజంగానే జబ్బని తేలితే? అప్పుడేం చెబుతాం ఆ పిల్లకి?"

"అయితే ఎంజైము ఏదీ?"

ఆమె నుదురు రుద్దుకుంది. చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు అదొక్కటే ఆధారం.

"పాత ఫ్రీజరులో ఒక సీసా ఉంది. నేను మార్చలేదు."

"ఎందుకు?"

"వెనక గోడకు మంచులో కూరుకుపోయింది. కొట్టి తీయాలంటే భుజం నొప్పి. తర్వాత తీద్దాంలే అనుకున్నాను. ఎనిమిది నెలలైంది."

మాస్టారి మూతి చివర ఏదో కదిలింది. నవ్వు కాదు, నవ్వుకు దగ్గరి చుట్టం. "నీ బద్ధకానికి దండం పెట్టాలమ్మాయ్," అన్నాడు.

*

పాత ఫ్రీజరు వరండా చివర సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల మధ్య ఇంకా గురకపెడుతూనే ఉంది. ఐసు సంచులు చల్లబెట్టుకోవడానికి ఎవరూ దాన్ని ఆపలేదు. మూత ఎత్తితే లోపల తెల్లటి గుహ. దువ్వెనక్క గరిటె అందుకుంది. నాలుగు దెబ్బలకే భుజంలో మంట. మాస్టారు గరిటె లాక్కున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి మోకాళ్ళమీద కూర్చుని మంచు చెక్కుతుంటే, ఆమె కింద ఐసు పెట్టె పట్టుకుని నిలబడింది.

వేలి కొసంత సీసా. మీద రాసిన గడువు దాటి ఏడాది అయింది.

"బతికుంటుందా?" అంది.

"ఎప్పుడూ చలి తప్పలేదు కదా. ఈ కత్తెర ఎలాంటిదనుకున్నావు? మనకోసం పుట్టిందా ఇది? ఒంట్లో దూరిన వైరస్‌ను తుంచి పారెయ్యడానికి ఏదో సూక్ష్మజీవి దాచుకున్న ఆయుధం. మనం ఎత్తుకొచ్చుకున్నాం. అంత తేలిగ్గా చావదు." ఆగి, తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు. "వెచ్చబెడితే తప్ప."

సీసాలో ఎంత ఉందో వెలుతురుకు పెట్టి చూశారు. అయిదు పరీక్షలకు సరిపోతుంది. శుక్రవారం వాళ్ళు ముగ్గురు. కంట్రోలు ఒకటి. ఇంకొకటి మిగులుతుంది.

"శుక్రవారం సీసా అడుగున తడి ఉంది కదా, అది కూడా వేద్దాం," అన్నాడు మాస్టారు. "ఇంకో కంట్రోలు మీద. చచ్చిందో లేదో తెలియాలి."

అది ఆయన తనకు తాను వేసుకుంటున్న పరీక్ష అని ఆమెకు తెలుసు. సరేనంది.

ట్యూబులు ఐసులో వరుసగా నిలబెట్టింది. ముగ్గురి డీఎన్ఏ శుక్రవారం మిగిలింది కొద్దిగా ఉంది, ఒక్కొక్కరికి ఒక్క పరీక్షకే చాలేంత. చెయ్యి వణికితే అంతే సంగతులు. పైపెట్టు పట్టుకున్నప్పుడు మాత్రం దువ్వెనక్క చెయ్యి వణకదు. మోకాలు, భుజం, నడుము అన్నీ ఫిర్యాదులు చేస్తాయి గానీ ఆ వేళ్ళు ఇంకా మాట వింటాయి. ఎంజైము ఆఖర్న, చల్లచల్లగా. ఒంటి వేడిలో ఉండే నీళ్ళలో ట్యూబులు పెట్టేసరికి పదకొండు ముప్పావు.

గంటసేపు ఇంక కత్తెర పని. మనుషుల పని ఎదురుచూడటం.

*

బెంచీ దగ్గరికి వెళ్ళక తప్పలేదు.

"ఏమ్మా, కాగితానికి ఇంత సేపా?" అంది అత్తగారు. బక్కపలచటి మనిషి. సంచీని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని ఉంది. "పెళ్ళి సంబంధం ఖాయం చేసుకున్నా ఈపాటికి అయిపోయేది."

"అత్తయ్యా," అంది టైలరమ్మాయి.

"నన్నెందుకు ఆపుతావే. ఆవిడ సంతకం పెడుతోందా, చెక్కుతోందా?"

దువ్వెనక్క ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు. మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. తియ్యడం మర్చిపోయి వచ్చినట్టుంది.

"శుక్రవారం పరీక్షలో మావల్ల పొరపాటు జరిగిందేమోనని అనుమానం ఉందమ్మా. మళ్ళీ చేస్తున్నాం. ఒంటిగంటన్నరకు తెలుస్తుంది. అప్పటిదాకా రిపోర్టు ఇవ్వను."

అత్తగారు సంచీ మీద పట్టు వదిలింది. టైలరమ్మాయి టేపు కొసను వేలికి చుట్టడం మొదలుపెట్టింది.

"అంటే లేకపోవచ్చా, అక్కా?"

"తెలీదు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇప్పుడు ఏమీ అనుకోకు."

"అనుకోకుండా ఎట్లా ఉంటాను." గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "శుక్రవారం నుంచి కుదురు చేసుకున్నాను మనసును. నాలుగు రోజులు పట్టింది. మా పెద్దదానికి ఆరేళ్ళు. నొప్పి వచ్చినప్పుడు అరవను కూడా అరవదు, దిండు కొరుకుతుంది. ఇంకొకళ్ళని అట్లా చూడలేను, అందుకే ఒప్పుకున్నాను. ఇప్పుడు మీరొచ్చి మళ్ళీ విప్పుతున్నారు కుట్టంతా."

దువ్వెనక్క ఆమె వేలికి బిగిసిన టేపును మెల్లగా వదులు చేసింది.

"మీ ఇంట్లో ఎవరికైనా అయిందా అక్కా, ఇట్లా?"

"మా చెల్లెలికి. కడుపు తీయించేసి ఏడో నెల నడుస్తోంది ఇప్పటికి. మా ఇంట్లోనే ఉంటోంది. మా ఇంటి రక్తంలోనూ ఉందిలే ఇది."

"ఆవిడ పరీక్ష?"

"ఇక్కడే చేశాం."

"దాంట్లో పొరపాటు లేదుగా?"

"లేదు. నేను కూడా సంతకం పెట్టాను." ఆ మాట అనేశాక దువ్వెనక్కకు నోరు చేదుగా అనిపించింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే అనుకుంది. చెల్లెలు కట్టిచ్చిన డబ్బా సంచీలో అలాగే ఉంది.

అత్తగారు తన సంచీలోంచి బిస్కట్ల పొట్లం తీసి విప్పింది. ఒకటి కోడలికి, ఒకటి దువ్వెనక్కకు ఇచ్చింది.

"తిను. నువ్వు కళ్ళు తిరిగి పడితే మా కాగితం ఇంకా ఆలస్యమవుతుంది," అంది.

*

ఒకటీ ఇరవై. చీకటి గది. జెల్లీ పలకను దీపంమీద పెట్టి మాస్టారు మీట దగ్గర చెయ్యి ఉంచాడు.

"నువ్వు వెయ్యి," అన్నాడు.

ఆమె మీట వేసింది. పలక నీలంగా వెలిగింది.

మొదటి వరుస ముక్కల పొడవు పోల్చుకునే కొలతలకు. రెండో వరుస కంట్రోలు, మూతి వంకరగా, రెండు గీతలు. అంత అందమైన వంకర ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎనిమిది నెలలు మంచులో కూరుకుపోయిన సీసా బతికే ఉంది.

చివరి వరుసలో కొత్త ఫ్రిజ్ సీసాతో వేసిన కంట్రోలు. ఒక్కటే గీత, ముక్క కోత పడకుండా అలాగే ఉంది. జబ్బు లేని మనిషి డీఎన్ఏ జబ్బున్నదానిలా పడుకుని ఉంది. మాస్టారు దానివైపు చాలాసేపు చూశాడు. "చచ్చింది," అన్నాడు.

మూడో వరుస టైలరమ్మాయిది. మూడు గీతలు. పైన కోత పడనిది ఒకటి, కింద కోత పడ్డవి రెండు. అమ్మానాన్నల్లాగే మోస్తుంది. జబ్బు లేదు.

నాలుగో వరుసలో రెండే గీతలు. ఆ బిడ్డ మోయడం కూడా లేదు.

అయిదో వరుసలో ఒక్కటే గీత. ఆ ఇంటికి శుక్రవారం చెప్పింది నిజమే. కత్తెర చచ్చినా బతికినా ఆ ఒక్కరికి కబురు మారలేదు.

దువ్వెనక్క ఫొటో తీసింది. ఈసారి తిప్పి, దగ్గరగా పెట్టి, మళ్ళీ దూరంగా పెట్టి చూసింది. మాస్టారు కూడా చూశాడు. ఆ తర్వాతే ఇద్దరూ సంతకాలు పెట్టారు.

బెంచీ దగ్గర ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "జబ్బు లేదు. నీలాగే మోస్తుంది, అంతే," అంది. టైలరమ్మాయి విన్నట్టు లేదు. కాగితం తీసుకుని, టేపుతో పాటు మడిచి పట్టుకుని, అలాగే కూర్చుంది. ఏడవలేదు. ఒళ్ళంతా ఒక్కసారి వదులైపోయి, అత్తగారి భుజం మీదికి వాలి, అక్కడే కళ్ళు మూసుకుంది.

"నాలుగు రోజులుగా నిద్రపోలేదు పిల్ల," అంది అత్తగారు, గొంతు తగ్గించి. "కాసేపు ఇక్కడ పడుకోనివ్వండి. మేం ఎక్కడికీ పోనక్కర్లేదుగా ఇప్పుడు." తర్వాత దువ్వెనక్కను కిందినుంచి మీదికి చూసింది. "మీరు చేసింది చిన్న తప్పు కాదమ్మా. మా అబ్బాయి సాయంత్రం వచ్చి అడుగుతాడు. అడగమనే చెబుతాను."

"చెప్పండి," అంది దువ్వెనక్క. "వచ్చేదాకా ఉంటాను."

*

మాస్టారు మిగతా రెండిళ్ళకూ తానే ఫోన్ చేస్తానన్నాడు. ఆ తర్వాత పై ఆఫీసుకు ఉత్తరం రాస్తానన్నాడు, జరిగింది జరిగినట్టు. "తప్పుల రిజిస్టరులో నువ్వు ఎక్కించు. శుక్రవారం అంటించిన ముక్క ఎక్కడినుంచి కోశానో ఆ అసలు ఫొటో నా డ్రాయర్లో ఉంది. అది కూడా జతపరచాలి." తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేదు. అలసిపోయాడు పాపం, అనుకుంది ఆమె.

డ్రాయర్లో కవరు. కవర్లో పాత ఫొటో. నిజంగానే మంచి ఫొటో, గీతలు సూటిగా, స్పష్టంగా ఉన్నాయి. రెండో వరుసలో కింది గీత పక్కన ఆవగింజలో సగం ఉండే మచ్చ. జెల్లీలో దుమ్ము పడితే అలా మెరుస్తుంది. ఏ రెండు జెల్లీల్లోనూ దుమ్ము ఒకేచోట పడదు.

ఫొటోతో పాటు ఇంకో కాగితం కూడా జారి కిందపడింది. మోకాళ్ళు తిట్టుకుంటూ వంగి తీసింది.

ఆ రెండో వరుసనే అచ్చుగుద్దినట్టు, పక్కపక్కనే, పన్నెండు సార్లు ప్రింటు తీసిన కాగితం అది. సన్నటి రిబ్బన్లలా కత్తిరించుకోవడానికి వీలుగా. మూడు మిగిలాయి.

ఒక్కసారికి పన్నెండు ఎందుకు? దువ్వెనక్క అక్కడే, డ్రాయరు తెరిచి ఉండగానే, పరీక్షల ఫొటోలు అంటించే రిజిస్టరు తెరిచింది. వెనక్కి తిప్పసాగింది. ఏ పేజీలోనైనా చూడాల్సింది ఒక్కటే. రెండో వరుస, కింది గీత పక్కన.

శుక్రవారం, మచ్చ ఉంది.

అంతకుముందు నెలలో ఒకచోట ఉంది. దానికి ముందు నెలలో రెండుచోట్ల. ప్రతి పేజీ కింద మాస్టారి సంతకం, దాని కింద ఆమెది. వేలితో తడిమితే అంటించిన అంచు తెలుస్తోంది. ఇన్నాళ్ళూ ఒక్కసారి తడిమి ఉంటే చాలేది. ఎనిమిదైనాయి. తొమ్మిదోది వెతకాల్సిన పని లేకపోయింది. ఆ తేదీ ఆమెకు నోటికి వచ్చు. ఆ రోజే ఇంటికి వెళ్ళి చెల్లెలి చెయ్యి పట్టుకుని చెప్పింది. నేనే చూశానే, పొరపాటు లేదు.

మచ్చ ఉంది.

అప్పటికి కొత్త ఫ్రిజ్ వచ్చి నెల. కత్తెర అప్పుడు బతికి ఉందో, చచ్చిందో ఈ కాగితం చెప్పదు. మాస్టారూ చెప్పలేడు.

ఆమె లేచి ల్యాబ్‌లోకి నడిచింది. డీఎన్ఏ ట్యూబుల అర తీసింది. చెల్లెలి ట్యూబు మూతమీద తన చేతిరాతే, అంకె ఇంకా చెరగలేదు. అడుగున తెల్లగా గడ్డకట్టి కొంచెం మిగిలి ఉంది. మంచులోంచి తీసిన సీసాలో ఇంకొక్క పరీక్షకు సరిపడా ఉంది.

జేబులో ఫోన్ మోగింది.

"అక్కా, ఇవాళ కాస్త పెందలాడే వస్తావా?" చెల్లెలి గొంతు. ఆరేడు నెలల్లో మొదటిసారిగా అందులో కొంచెం వెలుతురు ఉంది. "ఈ రోజు ఇంట్లో కూర్చోబుద్ధి కావడం లేదు. ఎటైనా నడిచొద్దాం. అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు."

"ఏం చేస్తున్నావు మరి ఇంతసేపూ?"

దువ్వెనక్క అరచేతిలో ట్యూబు చల్లగా ఉంది. వేళ్ళ వేడికి అడుగున గడ్డ అప్పుడే అంచుల్లో కరగడం మొదలైంది. ఒకసారి కరిగిందంటే ఇంక ఆలస్యం చేయడానికి లేదు.

"కాస్త పని ఉందే," అంది. "రెండు గంటలు పడుతుంది."

అని, పైపెట్టు అందుకుంది.